డిస్నీ నేల మీద ఓటు ఎవరిది? ఫ్లోరిడా టూరిజం డిస్ట్రిక్ట్ చట్టాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు అమెరికాలో ఉంటే, చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలను ఏదో ఒక సెలవుల్లో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు తీసుకెళ్లడం మామూలే. తిరిగొచ్చాక వాళ్లు కోట గురించి, బాణసంచా గురించి, గంటల తరబడి నిలబడ్డ క్యూల గురించి చెబుతారు. ఆ రోడ్లు వేసిందెవరు, మురుగునీరు పోయేదెక్కడికి, అక్కడ హోటల్ కట్టాలంటే ప్లాన్ పాస్ చేసేదెవరు అని అడిగేవాళ్లు తక్కువ. 2022లో ఫ్లోరిడా గవర్నర్‌కూ డిస్నీకీ గొడవ మొదలయ్యాక ఈ ప్రశ్నలు నాకు తెలిసినవాళ్ల నుంచి వరసగా వచ్చాయి. పర్యాటకం కోసం ఒక రాష్ట్రం ప్రత్యేక పాలనా ప్రాంతాన్ని చట్టం చేసి సృష్టిస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఇక్కడ ‘డిస్ట్రిక్ట్’ అంటే మన జిల్లా లాంటిదేనా?

కాదు. మన జిల్లాకు దగ్గరగా ఉండేది అక్కడి కౌంటీ. స్పెషల్ డిస్ట్రిక్ట్ అంటే ఒక పనికో, కొన్ని పనులకో మాత్రమే ఏర్పాటు చేసిన స్థానిక సంస్థ. మురుగునీటి కాలువల కోసం ఒకటి, అగ్నిమాపక దళం కోసం ఇంకొకటి, దోమల నివారణకు మరొకటి ఉండవచ్చు. ఫ్లోరిడాలో ఇలాంటివి 1,800 పైనే ఉన్నాయి. వాటికంటూ బోర్డు, బడ్జెట్, చాలావాటికి పన్ను వేసే అధికారం ఉంటాయి. లెక్కలు చూపించడం, సమావేశాలు బహిరంగంగా జరపడం లాంటి ఉమ్మడి నియమాలు ఆ రాష్ట్ర చట్టాల్లోని 189వ అధ్యాయంలో ఉన్నాయి.

డిస్నీది మాత్రం వీటన్నిటికంటే వేరు. 1967లో పుట్టిన రీడీ క్రీక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌కు ఒక పని కాదు, దాదాపు ఒక నగరపాలక సంస్థ చేసే పనులన్నీ అప్పగించారు.

డిస్నీకి ఇది ఎందుకు కావాల్సి వచ్చింది?

కాలిఫోర్నియాలో 1955లో తెరిచిన డిస్నీల్యాండ్‌కు ఉన్న స్థలం 160 ఎకరాలు. అది తెరిచీ తెరవగానే చుట్టూ మోటళ్లు, చిల్లర దుకాణాలు, హోర్డింగులు లేచాయి. వచ్చిన జనం ఖర్చులో పెద్ద వాటా బయటివాళ్లకు పోయింది. పరిసరాలు ఎలా ఉండాలో నిర్ణయించే శక్తి వాల్ట్ డిస్నీ చేతిలో లేకుండా పోయింది. రెండోసారి ఆ పొరపాటు జరగకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు.

అందుకే ఫ్లోరిడాలో ఆరెంజ్, ఆసియోలా కౌంటీల సరిహద్దులో 27,000 ఎకరాలకు పైగా భూమిని వేరే వేరే కంపెనీల పేర్లతో గుట్టుగా కొన్నారు. మొత్తం ఖర్చు 50 లక్షల డాలర్ల చిల్లర. సగటు లెక్క వేస్తే ఎకరం 200 డాలర్లు కూడా పడలేదు. మనకు అర్థమయ్యే కొలతలో చెప్పాలంటే, అమరావతి రాజధాని కోసం రైతులు భూసమీకరణలో ఇచ్చింది 33,000 ఎకరాల పైచిలుకు. అంతకు కొంచెం తక్కువ భూమి, ఒకే కంపెనీ చేతిలోకి వచ్చింది. 1965 నవంబరు 15న ఓర్లాండోలో గవర్నర్ హేడన్ బర్న్స్‌ను పక్కన పెట్టుకుని డిస్నీ సోదరులు విషయం బయటపెట్టారు.

భూమి దొరికింది కానీ అందులో ఎక్కువ భాగం చిత్తడి నేల. రోడ్లు లేవు, కరెంటు లేదు, మంచినీటి పైపులు లేవు. ఆనాటి ఆ రెండు కౌంటీలూ పశువుల మేత భూములు, నారింజ తోటల మీద బతికేవి. అంత పెద్ద నిర్మాణానికి కావాల్సిన సౌకర్యాలు కల్పించే స్తోమత వాటికి లేదు. కాబట్టి ‘మా సౌకర్యాలు మేమే కట్టుకుంటాం, అందుకు కావాల్సిన అధికారం మాకివ్వండి’ అని డిస్నీ అడగడంలో న్యాయం లేకపోలేదు. ఎంత అధికారం, ఎవరి అదుపులో అన్నదే అసలు పేచీ.

చట్టం ఎలా తయారైంది?

మొదట 1966 మేలో, అప్పటికే అమల్లో ఉన్న మురుగు కాలువల చట్టం కింద, కోర్టు ద్వారా రీడీ క్రీక్ డ్రైనేజీ డిస్ట్రిక్ట్ ఏర్పాటైంది. నీళ్లు తోడుకోవడానికి అది సరిపోతుంది, ఊరు కట్టడానికి సరిపోదు. ఆ ఏడాది డిసెంబరు 15న వాల్ట్ డిస్నీ చనిపోయాడు. ఆయన అన్న రాయ్ పని అందుకున్నాడు. 1967 ఫిబ్రవరిలో శాసనసభ్యులకు, వ్యాపారులకు, విలేకరులకు ఒక సినిమా వేసి చూపించారు. అందులో చనిపోయిన వాల్ట్ స్వయంగా కనిపించి, 20,000 మంది నివసించే రేపటి నగరం గురించి వివరిస్తాడు. ఆ నగరం పేరే ఎప్‌కాట్.

1967 మే 12న గవర్నర్ క్లాడ్ కిర్క్ సంతకాలు చేశాడు. వచ్చినవి మూడు చట్టాలు. ఒకటి డ్రైనేజీ డిస్ట్రిక్ట్‌ను ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌గా మార్చి పెద్ద అధికారాలిచ్చింది. మిగతా రెండూ ఆ హద్దుల్లోనే రెండు బుల్లి పట్టణాలను సృష్టించాయి. వాటిలో ఒకటి బే లేక్. రెండోది ఇప్పుడు లేక్ బ్యూనా విస్టా అని పిలుస్తున్నది.

చట్టం అడిగినప్పుడు చూపించిన నగరం మాత్రం రాలేదు. 1982లో ఎప్‌కాట్ పేరుతో తెరిచింది మరో థీమ్ పార్కు. మనుషులు కాపురం ఉండే నగరాన్ని చూపించి తెచ్చుకున్న అధికారాలు, మనుషులు కాపురం లేని రిసార్టుకు మిగిలిపోయాయి. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే.

ఆ చట్టం ఏమేం చేయనిచ్చింది?

కాలువలు తవ్వడం, రోడ్లు, వంతెనలు, మంచినీరు, మురుగునీటి శుద్ధి, చెత్త, అగ్నిమాపక దళం, అంబులెన్సు, కరెంటు, గ్యాస్. భూమిని ఏ అవసరానికి వాడాలో నిర్ణయించే జోనింగ్. సొంత బిల్డింగ్ కోడ్, సొంత ఇన్‌స్పెక్టర్లు. అంటే డిస్నీ కట్టే హోటల్‌కు ప్లాన్ పాస్ చేసేది డిస్నీ ఓట్లతో గెలిచిన బోర్డు కింద పనిచేసే ఆఫీసు. అవసరమైతే భూసేకరణ చేయవచ్చు, అదీ తన హద్దుల బయట కూడా. విమానాశ్రయం కట్టుకోవచ్చు. అణు విద్యుత్ కేంద్రానికి కూడా చట్టంలో చోటు ఉంది. దాన్ని ఎప్పుడూ కట్టలేదు, కట్టే ప్రయత్నమూ చేయలేదు.

అన్నిటికంటే విలువైనది బాండ్ల అధికారం. ప్రైవేటు కంపెనీ అప్పు తెస్తే వడ్డీ ఎక్కువ. ప్రభుత్వ సంస్థ బాండ్లు అమ్మితే, కొన్నవాళ్లకు వచ్చే వడ్డీ మీద ఆదాయపు పన్ను ఉండదు కనుక తక్కువ వడ్డీకే డబ్బు దొరుకుతుంది. రోడ్లకు, పార్కింగ్ కట్టడాలకు, మురుగునీటి కేంద్రానికి డిస్ట్రిక్ట్ పేరున ఇలాగే డబ్బు తెచ్చారు.

ఇవ్వనివి కూడా ఉన్నాయి. బడులు, కోర్టులు, జైళ్లు డిస్ట్రిక్ట్‌కు లేవు. పోలీసు పని కౌంటీ షెరీఫ్‌దే, దానికి డిస్ట్రిక్ట్ డబ్బు కట్టేది.

అంటే డిస్నీ ఇన్నాళ్లూ పన్ను కట్టలేదా?

కట్టింది. చాలామంది పొరపడేది ఇక్కడే. మిగతా భూయజమానుల్లాగే కౌంటీకి, స్కూలు బోర్డుకు ఆస్తిపన్ను కట్టింది, ఇప్పటికీ కడుతోంది. దాని మీద అదనంగా డిస్ట్రిక్ట్‌కు ఇంకో పన్ను కట్టేది. డిస్ట్రిక్ట్ ఖజానాలో పడేదంతా దాదాపు డిస్నీ డబ్బే. కంపెనీకి దక్కింది పన్ను మినహాయింపు అనుకోకూడదు. దానికి దక్కింది పన్ను డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో తనే నిర్ణయించుకునే హక్కు, చౌక అప్పు, అనుమతుల కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేని వెసులుబాటు.

బోర్డును ఎవరు ఎన్నుకునేవారు?

భూమి ఉన్నవాళ్లు. ఒక ఎకరానికి ఒక ఓటు.

మళ్లీ ఒకసారి చదవండి. ఓటు మనిషికి లేదు, ఎకరానికి ఉంది. డిస్ట్రిక్ట్‌లో దాదాపు భూమంతా డిస్నీది కాబట్టి ఐదుగురు సూపర్‌వైజర్లూ, అంటే బోర్డు సభ్యులు, డిస్నీ కోరుకున్నవాళ్లే అయ్యేవారు. సూపర్‌వైజర్‌కు అక్కడ సొంత భూమి ఉండాలని ఒక నియమం ఉండేది. దానికోసం ఒక్కొక్కరికి ఐదేసి ఎకరాలు, ఏమీ కట్టడానికి వీల్లేని భూమి, డిస్నీయే రాసిచ్చేది. పదవి దిగాక అది తిరిగి ఇచ్చేసే ఏర్పాటు ఉండేది.

లోపలి రెండు పట్టణాల సంగతి ఇంకా విచిత్రం. అక్కడ నివసించేవాళ్లు కొన్ని పదుల మంది. అందరూ డిస్నీ ఉద్యోగులో, వాళ్ల కుటుంబాలో. ఉంటున్నది కంపెనీ నేల మీద. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది, దానితో ఓటూ పోతుంది. అదే నేల మీద రోజూ పనికి వచ్చేవాళ్లు డెబ్భై వేల పైచిలుకు. బస్సు డ్రైవర్లు, వంటవాళ్లు, హోటల్ గదులు సర్దేవాళ్లు, ఎండలో బొమ్మ వేషం కట్టేవాళ్లు. ఆ డిస్ట్రిక్ట్ నిర్ణయాల్లో వాళ్లకు ఒక్క ఓటు కూడా లేదు.

ఒక మనిషికి ఒక ఓటు అన్న సూత్రం ఉండగా కోర్టులు ఎలా ఒప్పుకున్నాయి?

రెండు దారుల్లో. మొదటిది బాండ్ల కేసు. ప్రభుత్వ సంస్థ పేరుతో ఒక ప్రైవేటు కంపెనీకి లాభం చేసిపెట్టే అప్పు చెల్లుతుందా అని ప్రశ్న వచ్చింది. 1968లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు చెల్లుతుందని తేల్చింది. పర్యాటకం పెరిగితే రాష్ట్ర ప్రజలందరికీ మేలు, కంపెనీకి కూడా మేలు జరిగినంత మాత్రాన అది ప్రజా ప్రయోజనం కాకుండా పోదు అన్నది దాని సారాంశం.

రెండోది ఓటు సంగతి. 1973లో అమెరికా సుప్రీంకోర్టు కాలిఫోర్నియాలోని ఒక నీటి నిల్వ డిస్ట్రిక్ట్ కేసులో, పరిమితమైన పని చేసే సంస్థల్లో ఓటు భూమిని బట్టి ఉండవచ్చని చెప్పింది. ఖర్చంతా భూయజమానులదే కాబట్టి మాట కూడా వాళ్లదే అన్న తర్కం. 1981లో ఆరిజోనా కేసులో అదే మాటను ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది.

నీళ్లు పంచే సంస్థకు ఆ తర్కం నప్పుతుంది. కానీ జోనింగ్, బిల్డింగ్ అనుమతులు, భూసేకరణ, అగ్నిమాపక దళం అన్నీ ఉన్న సంస్థను ‘పరిమితమైన పని చేసేది’ అనడం నాకు మింగుడుపడదు. వేలమంది ప్రాణాలు ఆ అగ్నిమాపక దళం మీద, ఆ ఇన్‌స్పెక్టర్ల సంతకాల మీద ఆధారపడి ఉన్నాయి.

మరి దీనివల్ల మంచేమీ జరగలేదా?

జరిగింది, అది దాచకుండా చెప్పాలి. నీటి పనులు చూడండి. డిస్ట్రిక్ట్ తొలినాళ్ల పనులను నడిపించిన జో పాటర్ సైన్యంలో ఇంజనీరుగా పనిచేసి, పనామా కాలువ ప్రాంతానికి గవర్నర్‌గా ఉన్నవాడు. ఆయన హయాంలో తవ్విన కాలువలు గీత గీసినట్టు నిటారుగా ఉండవు. నేల వాలును బట్టి వాగుల్లా వంపులు తిరుగుతాయి. గేట్లు నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. చిత్తడి నేలను పూర్తిగా ఎండగట్టకుండా నీటిని అదుపులో పెట్టారు. సుమారు 7,500 ఎకరాలను ముట్టుకోకుండా వదిలేశారు. శుద్ధి చేసిన మురుగునీటిని గోల్ఫ్ మైదానాలకు, తోటలకు వాడటం అక్కడ ఎప్పటినుంచో ఉంది.

ఎవరూ కట్టని కట్టడాలు కట్టారు కనుక బిల్డింగ్ కోడ్ కూడా కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. ఫైబర్‌గ్లాసు కోటకు మామూలు కౌంటీ నియమాలు ఎక్కడ సరిపోతాయి? అగ్ని భద్రత విషయంలో ఆ కోడ్ ఆనాటి మామూలు నియమాలకంటే కఠినంగా ఉండేది. పని తెలిసినవాళ్లు, డబ్బు ఉన్నవాళ్లు, దూరం ఆలోచించినవాళ్లు నడిపారు కాబట్టి ఆ వ్యవస్థ బాగా నడిచింది. ఒకవేళ అలాంటివాళ్లు కాకపోయి ఉంటే వాళ్లను దించే మార్గం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

నష్టపోయినవాళ్లు ఎవరు?

ఒక ఉదాహరణ చెబుతాను. 1990లో పన్ను లేని బాండ్ల కోసం రాష్ట్రం ఆ ప్రాంతంలోని కౌంటీలన్నిటికీ కలిపి కొంత కోటా ఇచ్చింది. ముందు అర్జీ పెట్టినవాళ్లకు ముందు. రీడీ క్రీక్ ముందుగా వెళ్లి 5.7 కోట్ల డాలర్లకు పైగా ఉన్న ఆ కోటాను మురుగునీటి కేంద్రం కోసం తీసుకుంది. ఆరెంజ్ కౌంటీ అదే డబ్బుతో పేదలకు ఇళ్లు కట్టాలనుకుంది. నియమం ప్రకారం చూస్తే తప్పేమీ లేదు. కానీ ఆ పేదల్లో చాలామంది డిస్నీలోనే తక్కువ జీతానికి పనిచేసేవాళ్లు. వాళ్ల అద్దె ఇళ్లు, వాళ్ల పిల్లల బడులు, వాళ్లు తిరిగే రోడ్లు అన్నీ డిస్ట్రిక్ట్ హద్దు బయట, కౌంటీ నెత్తిన.

ఇంకొకటి సమాచారం విషయం. డిస్నీ భద్రతా సిబ్బంది రికార్డులు చూపించాలని ఒక కుటుంబం కేసు వేస్తే, వాళ్లు చేసేది ప్రైవేటు కాపలా పని, డిస్ట్రిక్ట్ తరఫున పోలీసు పని కాదు కనుక ప్రజా రికార్డుల చట్టం వర్తించదని 1997లో అప్పీలు కోర్టు చెప్పింది. ప్రభుత్వమూ కంపెనీ ఒకే నేల మీద కలిసిపోయినప్పుడు, ఏది ఎక్కడ ముగుస్తుందో మామూలు మనిషి తేల్చుకోలేడు.

సెలబ్రేషన్ అనే ఊరు కూడా డిస్నీదే కదా, అక్కడివాళ్లకు ఓటు లేదా?

మంచి ప్రశ్న. 1990లలో డిస్నీ కట్టించిన ఆ ఊరి భూమిని, జనం రాకముందే, రీడీ క్రీక్ హద్దుల నుంచి తీసేశారు. ఇప్పుడది ఆసియోలా కౌంటీ కింద ఉంది. నివాసితులు డిస్ట్రిక్ట్ లోపల ఉంటే ఏనాటికైనా పాలనలో వాటా అడుగుతారు. ఊరు బయట ఉంటే ఆ సమస్య లేదు. జనం ఉండే ఊరు కట్టడానికి తెచ్చుకున్న చట్టం, తీరా ఊరు కట్టినప్పుడు దాన్ని గడప అవతల ఉంచాల్సిన పరిస్థితి తెచ్చింది.

2022లో గొడవ దేనికి మొదలైంది?

డిస్ట్రిక్ట్ పనితీరుతో దానికి సంబంధం లేదు. చిన్న తరగతుల్లో లైంగికత, జెండర్ గుర్తింపు గురించి పాఠాలు చెప్పడాన్ని నిషేధిస్తూ ఫ్లోరిడా ఆ ఏడాది మార్చిలో ఒక చట్టం చేసింది. మొదట మౌనంగా ఉన్న డిస్నీ, ఉద్యోగుల నుంచి విమర్శలు వచ్చాక, ఆ చట్టాన్ని బహిరంగంగా వ్యతిరేకించింది. గవర్నర్ రాన్ డిశాంటిస్ దాన్ని సవాలుగా తీసుకున్నాడు. నియోజకవర్గాల పునర్విభజన కోసం పిలిచిన ప్రత్యేక సమావేశాల్లోకి ఏప్రిల్ 19న ఈ అంశాన్ని చేర్చాడు. 22న సంతకం కూడా అయిపోయింది. యాభై ఐదేళ్ల ఏర్పాటు నాలుగు రోజుల్లో రద్దు.

బిల్లులో డిస్నీ పేరు లేదు. 1968 నవంబరు 5కు ముందు పుట్టి, ఫ్లోరిడా రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం వచ్చాక తిరిగి ఆమోదం పొందని స్వతంత్ర డిస్ట్రిక్టులన్నీ 2023 జూన్ 1న రద్దవుతాయని రాశారు. అలా ఆరు డిస్ట్రిక్టులు చిక్కాయి. గొడవతో ఏ సంబంధమూ లేని ఒక న్యాయ గ్రంథాలయ డిస్ట్రిక్టు, ఒక చిన్న ఊరి నీటి డిస్ట్రిక్టు కూడా అందులో ఉన్నాయి.

రద్దు చేస్తే డిస్ట్రిక్ట్ చేసిన అప్పు ఎవరు తీర్చాలి?

సరిగ్గా అక్కడే బండి ఆగింది. డిస్ట్రిక్ట్ పేరున దాదాపు 100 కోట్ల డాలర్ల బాండ్ల అప్పు ఉంది. ఫ్లోరిడా చట్టం ప్రకారం రద్దయిన డిస్ట్రిక్ట్ ఆస్తులు, అప్పులు మామూలుగా స్థానిక ప్రభుత్వానికి వెళ్తాయి. అంటే ఆరెంజ్, ఆసియోలా కౌంటీల ప్రజలకు. వాళ్లలో టెన్షన్ మొదలైంది. పైగా 1967 చట్టంలోనే రాష్ట్రం ఒక హామీ ఇచ్చి ఉంది. బాండ్లు పూర్తిగా తీరేదాకా డిస్ట్రిక్ట్ అధికారాలను తగ్గించబోమని. ఆ మాట నమ్మి డబ్బు పెట్టినవాళ్లకు ఏం చెప్పాలో ఎవరికీ పాలుపోలేదు.

2023 చట్టం ఏం మార్చింది?

రద్దు ఆలోచన మానుకుని, డిస్ట్రిక్ట్‌ను అలాగే ఉంచి యజమానిని మార్చారు. 2023 ఫిబ్రవరి 27న సంతకమైన చట్టంతో పేరు సెంట్రల్ ఫ్లోరిడా టూరిజం ఓవర్‌సైట్ డిస్ట్రిక్ట్ అయింది. అప్పులు, పన్నులు, పనులు పాతవే. ఐదుగురు సభ్యులను మాత్రం ఇకపై గవర్నర్ నియమిస్తాడు, రాష్ట్ర సెనేట్ ఆమోదిస్తుంది. గత మూడేళ్లలో థీమ్ పార్కు కంపెనీలో పనిచేసినవాళ్లు అనర్హులు. అణు విద్యుత్, విమానాశ్రయం లాంటి అధికారాలు తీసేశారు.

ఎకరానికి ఓటు పోయింది. మనిషికి ఓటు రాలేదు. అక్కడ నివసించేవాళ్లకు గానీ, పనిచేసేవాళ్లకు గానీ, ఆ పక్క కౌంటీల ప్రజలకు గానీ నేరుగా ఒక్క సీటు ఇవ్వలేదు. కంపెనీ చేతిలోని కర్రను గవర్నర్ చేతికి ఇచ్చారు. రెండు పార్టీల సమర్థకులూ దీన్ని గెలుపో ఓటమో అని వాదించుకుంటుంటే, ఈ ఒక్క విషయం ఎవరి నోటా రాకపోవడం నాకు కష్టం కలిగించింది.

ఇంగ్లండ్ రాజు చార్లెస్ పేరు ఇందులోకి ఎలా వచ్చింది?

పాత బోర్డు దిగిపోయే ముందు, 2023 ఫిబ్రవరి 8న, డిస్నీతో రెండు ఒప్పందాలకు ఆమోదం తెలిపింది. ముందస్తు ప్రకటన ఇచ్చి, బహిరంగ సమావేశంలోనే చేసింది. భూమి వాడకంపై నిర్ణయాధికారం చాలావరకు డిస్నీకే ఉండేలా రాసుకున్నారు. కొత్త బోర్డుకు ఆ సంగతి మార్చిలో గానీ తెలిసిరాలేదు. అందులోని ఒక నిబంధన, ఇంగ్లండ్ రాజు మూడో చార్లెస్ వారసుల్లో ఆనాటికి బతికి ఉన్నవాళ్లలో చివరివారు చనిపోయాక 21 ఏళ్ల దాకా చెల్లుతుందని రాశారు.

చూడటానికి వింతగా ఉన్నా దీని వెనక పాత న్యాయసూత్రం ఉంది. ఆస్తి మీద ఆంక్ష శాశ్వతంగా ఉండకూడదు, బతికున్న మనుషుల ఆయుష్షుతో ముడిపడాలి. అందుకని అందరికీ తెలిసిన, లెక్క దొరికే కుటుంబాన్ని పేర్కొంటారు. మన ఆస్తి బదిలీ చట్టం 14వ సెక్షన్‌లో ఉన్నది కూడా ఈ సూత్రమే.

కేసులు ఎలా తేలాయి?

ఏప్రిల్ 26న కొత్త బోర్డు ఆ ఒప్పందాలు చెల్లవని తీర్మానించింది. అదే రోజు డిస్నీ ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. తన అభిప్రాయం చెప్పినందుకు ప్రభుత్వం కక్ష తీర్చుకుంటోందన్నది దాని వాదన. డిస్ట్రిక్ట్ రాష్ట్ర కోర్టులో ఎదురు దావా వేసింది. శాసనసభ ఇంకో చట్టం చేసి ఒప్పందాలను కొట్టేసింది.

2024 జనవరి 31న ఫెడరల్ జడ్జి డిస్నీ కేసును తోసిపుచ్చాడు. చట్టం పైకి రాజ్యాంగబద్ధంగా ఉన్నప్పుడు శాసనసభ్యుల మనసులో ఏముందో చూసి దాన్ని కొట్టేయలేం అన్నాడు. మార్చి 27న రాష్ట్ర కోర్టులోని కేసుల్లో రాజీ కుదిరింది. పాత బోర్డు చివర్లో చేసిన ఒప్పందాలు చెల్లవని డిస్నీ ఒప్పుకుంది. జూన్‌లో 15 ఏళ్లకు కొత్త అభివృద్ధి ఒప్పందం రాసుకున్నారు. మరో పెద్ద థీమ్ పార్కుకు వీలు, బదులుగా రాబోయే 10 నుంచి 20 ఏళ్లలో 1,700 కోట్ల డాలర్ల దాకా పెట్టుబడి.

పర్యాటకుడిగా వెళ్తే నాకేమైనా తేడా ఉంటుందా?

ఏమీ ఉండదు. టికెట్ ధర డిస్ట్రిక్ట్ నిర్ణయించదు. అత్యవసరమైతే వచ్చే అగ్నిమాపక సిబ్బంది మాత్రం డిస్ట్రిక్ట్ ఉద్యోగులే.

ఓటు జనానికే ఇచ్చి నడుపుతున్న రిసార్టు ప్రాంతాలు లేవా?

ఉన్నాయి. ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చూడటానికి వెళ్లి, దాని పక్క ఊరు వెస్ట్ ఎల్లోస్టోన్‌లో దిగినవాళ్లు హోటల్ బిల్లులో ‘రిసార్ట్ ట్యాక్స్’ అనే గీటు చూసే ఉంటారు. మోంటానా రాష్ట్రంలో సాధారణ అమ్మకపు పన్ను లేదు. జనాభా తక్కువ, వచ్చే జనం లక్షల్లో ఉండే ఊళ్ల కోసం 1985లో చట్టం చేశారు. హోటళ్లు, రెస్టారెంట్లు, బార్లు, విలాస వస్తువుల మీద 3 శాతం దాకా పన్ను వేసుకోవచ్చు. మౌలిక సదుపాయాల కోసం ఇంకో 1 శాతం తర్వాత కలిపారు. మందుల మీద, ఇంటి సరుకుల మీద ఉండదు. పన్ను ఎంత, ఎన్నేళ్లు, దేనికి ఖర్చు పెడతారు అనే మూడింటినీ ముందే చెప్పి స్థానిక ఓటర్ల ఆమోదం తీసుకోవాలి. మంచు క్రీడలకు పేరున్న బిగ్ స్కై ఇలాగే 1992 నుంచి ఎన్నికైన బోర్డుతో నడుస్తోంది.

ఫ్లోరిడాలోనే ఇంకో నమూనా ఉంది. 1980లో వచ్చిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్ చట్టంలో మొదట ఎకరానికే ఓటు. కానీ ఆరేళ్లు గడిచి, నివాస ఓటర్లు నిర్ణీత సంఖ్యకు, మామూలుగా 250కి చేరితే, సీట్లు ఒక్కొక్కటిగా నివాసితుల చేతికి మారాలి. పెట్టుబడి పెట్టినవాడికి మొదట్లో పట్టు, తర్వాత జనానికి అధికారం. ఆ మార్పు ఎప్పుడు జరగాలో చట్టమే చెబుతుంది, ఎవరి దయా అక్కర్లేదు.

మన దేశంలో ఇలాంటివి ఉన్నాయా?

పోలికలు ఉన్నాయి. గుజరాత్‌లో పటేల్ విగ్రహం చుట్టుపక్కల ప్రాంతం కోసం 2019లో ప్రత్యేక చట్టం చేసి, అభివృద్ధికి, పర్యాటక పాలనకు ఒక అథారిటీని పెట్టారు. అక్కడి గిరిజన గ్రామాలు తమ భూముల గురించి, తమ మాట గురించి ఆందోళన చేశాయి. 2017 కేంద్ర బడ్జెట్‌లో ఐదు ప్రత్యేక టూరిజం జోన్ల ప్రస్తావన వచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి దగ్గరగా ఉన్నది పారిశ్రామికవాడల్లోని ‘ఐలా’, అంటే ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ. పంచాయతీకో మున్సిపాలిటీకో చెందాల్సిన పన్ను వసూలు, భవన అనుమతులు అక్కడ ఐలా చూస్తుంది. వసూలైన ఆస్తిపన్నులో 35 శాతం స్థానిక సంస్థకు ఇవ్వాలి. ఆ వాటా సరిగా అందలేదని సర్పంచులు తిరుగుతుండటం కొత్తేమీ కాదు. రాజ్యాంగం 243క్యూ అధికరణం కూడా, పరిశ్రమే పురపాలక సేవలు అందిస్తున్న చోట మున్సిపాలిటీ లేకుండా పారిశ్రామిక పట్టణంగా ప్రకటించే వీలిచ్చింది.

మన దగ్గర టూరిజం ప్రాంతం కోసం ఇలాంటి బిల్లు వస్తే ఏం చూడాలి?

నేనైతే ముందు బోర్డు సెక్షన్ తీస్తాను. సభ్యులను ఎవరు ఎన్నుకుంటారు, ఎవరు తీసేయగలరు? ఆ ఊళ్ల సర్పంచులకు, అక్కడ పనిచేసేవాళ్లకు సీటు ఉందా, ఉంటే ఓటుతో ఉందా, ఊరికే పిలిచి కూర్చోబెట్టడమా?

తర్వాత అప్పు. సంస్థ మూతపడితే అప్పు ఎవరికి పోతుందో రాశారా? ఫ్లోరిడాలో అర్ధశతాబ్దం తర్వాత, అది కూడా రద్దు బిల్లు పాసయ్యాక, ఈ ప్రశ్న పెద్దదైంది.

భవన అనుమతి ఇచ్చేవాళ్లు, అనుమతి అడిగేవాళ్లు వేరువేరా? కాంట్రాక్టులు, మినిట్సు సమాచార హక్కు కింద దొరుకుతాయా, లేక కంపెనీ కాగితాలని చెప్పి పక్కన పెడతారా? హద్దుల బయట పడే భారానికి, అంటే కార్మికుల ఇళ్లకు, బడులకు, రోడ్లకు, తాగునీటికి ఎంత వాటా ఇస్తారు, ఏ తేదీకి ఇస్తారు?

చివరిగా మార్పు సెక్షన్. ఇన్నేళ్లు గడిచాక, లేదా ఇంతమంది నివాసితులు వచ్చాక, పాలన ఎన్నికైన సంస్థకు మారాలని బిల్లులోనే ఉందా? లేకపోతే, బిల్లు సభలో ఉండగానే ఆ ఒక్క వాక్యం చేర్చమని మీ ఎమ్మెల్యేను అడగండి. చట్టమయ్యాక దాన్ని చేర్పించడానికి ఆ ఊళ్లోవాళ్ల చేతిలో ఓటు ఉండదు.